కమ్మరి కుమారుడు మైకేల్ ఫారడే

హిందూపురము చుట్టుపట్ల మంచి వాన కురిసి వెలిసిన పిమ్మట వాగుల యొడ్డున, ఇసుకమీద, నల్లని చారలు కనబడును. ఒక అయస్కాంతమునకు దారము కట్టి ఆ చారలమీద ఈడ్చినయెడల నల్లని రేణువులు దానికి గడ్డమువలె వ్రేలాడును. అవి ఇనుపరాతి రేణువులు. నేడది పిల్లలకు ఆట. పూర్వమది పెద్దలకు జీవనోపాధి. హిందూపురమునకు నైరుతి దిక్కున, అంత దూరము కాని మధుగిరి సీమలో, 1800వ సంవత్సరమున ఫ్రాన్సిస్ బుకానన్ అను స్కాట్లండు వైద్యుడు సంచరించెను. వానకాలపు వాగులు కొండలనుండి తెచ్చి పడవేసిన నల్లయిసుకను కరగించి అచ్చటివారు ఇనుము తీయుచుండిరని ఆయన తన యాత్రాగ్రంథమున వ్రాసెను. అంతటితో వారి పని ముగియలేదు. ఆ ఇనుపముక్కను తంగేడుపుల్లతోను పచ్చియాకులతోను కూడ మట్టిమూసలో పెట్టి, మూతిని మట్టితో మెత్తి, కొలిమిలో నిలిపి, తిత్తులతో ఊదుచుండిరి. పుల్లలోని బొగ్గును ఇనుము పీల్చుకొని ఉక్కుగా మారెడిది. మూస పగులగొట్టినచో పిడికిలిలో పట్టునంతటి ముద్ద వచ్చెడిది.

తెలంగాణమునందలి కోనసముద్రమునను ఇట్టి పనియే జరుగుచుండెను. అచ్చటికి పారశీక వర్తకులు స్వయముగా వచ్చి ఉక్కు ముద్దలు కొనిపోవుచుండిరి. ఇంగ్లీషువారు దీనిని ఊట్జ్ అని పిలిచిరి. మన భాషలలోని ఉక్కు అను మాటయే వారి నోట అట్లు మారినదని పండితులు చెప్పుదురు. పద్దెనిమిదవ శతాబ్ది చివర కొన్ని ముద్దలు లండను నగరము చేరెను. వాటిని చేసిన కమ్మరుల పేళ్లు ఏ పుస్తకమునకును ఎక్కలేదు. 1819లో వాటిలో ఒకదానిని పరీక్షించి, దాని మర్మమేమో కనుగొనవలెనని కూర్చున్నవాడు ముప్పది యేండ్లయినను నిండని యువకుడు. అతడును కమ్మరి కొడుకే. పేరు మైకేల్ ఫారడే.

ఫారడే 1791 సెప్టెంబరు 22వ తేదీన లండనుకు చేరువనున్న న్యూయింగ్‌టన్ బట్స్ అను చోట జన్మించెను. తండ్రి జేమ్స్ ఉత్తర ఇంగ్లండునుండి పని వెదకుకొనుచు వచ్చిన కమ్మరి. ఆరోగ్యము చాలనివాడగుటచే కొలిమి ముందు నిలువలేని దినములు అతనికి పెక్కు కలవు. నలుగురు బిడ్డలు. 1801లో ధాన్యపు ధరలు పెరిగినప్పుడు ఆ కుటుంబము ధర్మసహాయముమీద బ్రదుకవలసి వచ్చెను. బాలుడైన మైకేలునకు వారమునకొక రొట్టె వంతుగా వచ్చెడిది. దానిని ఏడు దినములకు సరిపెట్టుకొనవలెను. చదువనగా వ్రాయుట, చదువుట, కొద్దిపాటి లెక్కలు. అంతకుమించి బడిలో అతడు నేర్చినది లేదు. గణితశాస్త్రము అతనికి జీవితాంతమువరకు పట్టుపడలేదు. లోకమున పెద్ద భౌతికశాస్త్రజ్ఞులనిపించుకొన్నవారిలో ఇట్టివాడు అరుదు.

పదుమూడవ యేట అతడు రీబో అను పుస్తకముల వర్తకునియొద్ద పత్రికలు ఇంటింటికి అందించు కుఱ్ఱవాడుగా చేరెను. మరుసటి యేడు అక్కడనే పుస్తకములు కుట్టి అట్టలు కట్టు పని నేర్చుకొనుటకు ఏడేండ్ల ఒప్పందము కుదిరెను. రీబో మంచివాడు. పనికి వచ్చిన పుస్తకములను కుఱ్ఱవాడు చదువుచున్నను కోపించుకొనలేదు. ఒకనాడు విజ్ఞానసర్వస్వములోని ఒక సంపుటము అట్టకు వచ్చెను. అందు విద్యుత్తును గూర్చిన వ్యాసము ఫారడే కంటబడెను. జేన్ మార్సెట్ అను విదుషి రసాయనశాస్త్రమును సంభాషణల రూపమున వ్రాసిన పుస్తకమును అతడు అట్లే చదివెను. అయితే చదివినదానిని చదివినట్లు నమ్ము స్వభావము అతనిది కాదు. చేతనున్న కొద్ది డబ్బుతో సీసాలు, తీగలు కొని, పుస్తకములో చెప్పినది నిజమో కాదో తానే చేసి చూచుకొనుచుండెను. టాటమ్ అనునాయన తన యింట విజ్ఞానోపన్యాసములు చేయుచుండగా వినుటకు ఒక్కొక్కదానికి ఒక షిల్లింగు రుసుము. ఆ షిల్లింగులు ఇచ్చినవాడు అన్నగారైన రాబర్టు. అతడు తండ్రి వృత్తిలోనే యుండి, కొలిమి ముందు సంపాదించినది తమ్మునికిచ్చెను. ఫారడే జీవితచరిత్రలలో రాబర్టునకు లభించు చోటు మిక్కిలి తక్కువ. అది న్యాయము కాదు.

1812 జూలై మాసమున అతడు చేసిన ఒక ప్రయోగము చెప్పుకొనదగినది. అంతకు పండ్రెండేండ్లకు ముందు ఇటలీ దేశమున వోల్టా అను పండితుడు రెండు జాతుల లోహపు బిళ్లలను, వాటి నడుమ తడిపిన అట్టముక్కలను దొంతరగా పేర్చి విద్యుత్తు పుట్టించెను. ఆ వార్త లండను చేరగనే, 1800లోనే, నికల్సన్, కార్లైల్ అను ఇరువురు అట్టి దొంతర కొనలకు ఇత్తడితీగలు తగిలించి నీటిలో ముంచిరి. ఒక తీగనుండి ఉదజని, అనగా హైడ్రోజన్ వాయువు, బుడగలుగా లేచెను. రెండవ తీగనుండి బుడగలు రాలేదు. ఆ తీగ నల్లబడి చెడిపోయెను. ప్లాటినపు తీగలు పెట్టినప్పుడు రెండవ కొననుండి ఆమ్లజని, అనగా ఆక్సిజన్, వెలువడెను. నీరు రెండుగా విడిపోయినది. మూలపదార్థమని వేలయేండ్లుగా జనులు తలచిన నీటిని చిన్న దొంతర ఒకటి చీల్చివేసినది. కాని మొదటి దినమునుండియే ఒక చిక్కు బయటపడినది. చవుకలోహము ఆమ్లజని పుట్టుచోట నిలువలేదు. నిలిచిన ప్లాటినము వెలగలది.

పుస్తకముల అంగడిలోని కుఱ్ఱవానికి ప్లాటినమెక్కడిది? ఫారడే జింకు రేకును అర పెన్నీ నాణెము ప్రమాణమున ఏడు బిళ్లలుగా కత్తిరించెను. జేబులోని ఏడు అర పెన్నీ నాణెములనే రాగి బిళ్లలుగా ఉపయోగించెను. నడుమ ఉప్పునీటిలో తడిపిన కాగితపు ముక్కలు పెట్టెను. ఈ దొంతరతో అతడు నీటిలో కరగిన ఒక లవణమును విడగొట్టి, ఆనందము పట్టలేక మిత్రుడైన ఎబట్టునకు పెద్ద లేఖ వ్రాసెను.

ఆ యేడే అంగడికి వచ్చు ఒక పెద్దమనిషి అతనికి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సర్ హంఫ్రీ డేవీ చేయు నాలుగు ఉపన్యాసములకు ప్రవేశపత్రములు ఇచ్చెను. డేవీ నాడు ఇంగ్లండునందు ప్రసిద్ధుడైన రసాయనశాస్త్రజ్ఞుడు. ఫారడే ఆ యుపన్యాసములను విని, వ్రాసుకొని, బొమ్మలు వేసి, మూడువందల పుటలకు పైబడిన ఆ వ్రాతను తన చేతితోనే చక్కగా అట్టకట్టి డేవీకి పంపెను. తాను నేర్చిన వృత్తి ఇట్లు అతనికి సిఫారసైనది. 1813 మార్చి నెలలో, వారమునకు ఇరువదియైదు షిల్లింగుల జీతముమీద, మేడపైని రెండు గదులు నివాసముగా, డేవీ ప్రయోగశాలలో సహాయకుని పని దొరకెను. తండ్రి ఈ భాగ్యము చూడలేదు. అతడు 1810లోనే కన్నుమూసెను.

అదే సంవత్సరము శరత్కాలమున డేవీ దంపతులు ఐరోపా యాత్రకు పోవుచు ఫారడేను వెంట తీసికొనిపోయిరి. సేవకుడు చివరి క్షణమున రాననుటచే ఆ పనులును ఇతనిమీదనే పడెను. డేవీగారి భార్య అతనిని నౌకరుగానే చూచెను. అతడు నొచ్చుకొనెను, అయినను తిరిగి రాలేదు. పారిసున ఆంపియరును, మిలానున వృద్ధుడైన వోల్టాను చూచెను. ఏడు అర పెన్నీలతో తాను కట్టిన దొంతరకు మూలపురుషుడు ఎదుట నిలిచినప్పుడు ఆ యువకుని మనస్సెట్లుండెనో ఊహించుకొనవచ్చును. 1815లో లండనుకు తిరిగి వచ్చెను.

ఇక ఉక్కు సంగతి. జేమ్స్ స్టోడార్టు అను శస్త్రపరికరముల తయారీదారుడు భారతదేశపు ఉక్కును వాడి చూచి, దానికి సాటియైనది ఇంగ్లండున లేదని యెఱిగినవాడు. 1818 ప్రాంతమున అతడును ఫారడేయును కలిసి రాయల్ ఇన్‌స్టిట్యూషను నేలమాళిగలో కొలిమి పెట్టి, ఆ ఉక్కు రహస్యమును వెదకసాగిరి. పుట్టింటిలో విన్న సుత్తిమోత ఫారడేకు మరల వినవచ్చినది. 1819లో ఫారడే ఊట్జ్ ముద్దను విశ్లేషించి, అందు అల్యూమినియము సంబంధమైన పదార్థము స్వల్పముగా నున్నదనియు, దాని గుణమునకు అదియే కారణమనియు తలచెను. అది పొరపాటు. ఆ ఉక్కు బలమునకు ముఖ్యకారణము తంగేడుపుల్లనుండి వచ్చిన బొగ్గే. అయినను ఆ పొరపాటు మేలునకే వచ్చెను. ఇనుములో మరియొక లోహము కొద్దిగా కలిసినచో గుణము మారునను తలంపు అతని మనస్సున నాటుకొనెను. వెండి, బంగారము, ప్లాటినము, రోడియము, నికెలు, క్రోమియము ఒక్కొక్కటిగా ఉక్కులో కలిపి చూచెను. అయిదువందలవ వంతు వెండి కలిపిన ఉక్కును షెఫీల్డు నగరపు కర్మాగారమొకటి స్వీకరించి వస్తువులు చేసెను. తాను చేసిన ఉక్కుతో క్షురకత్తులు చేయించి ఫారడే మిత్రులకు కానుకగా ఇచ్చెను. కాని ప్లాటినము, రోడియము కలిపిన ఉక్కును కొనగలవారెవరు? 1823లో స్టోడార్టు మరణించుటతో ఆ కొలిమి చల్లారినది. ఉక్కులో క్రోమియము తగినంత కలిపినచో త్రుప్పు పట్టదను సంగతి అదే షెఫీల్డు నగరమున 1913లో హారీ బ్రియర్లీ తేల్చువరకు దాదాపు తొంబదియేండ్లు గడచెను. నేడు మన వంటయింటి స్టీలు పాత్రలు ఆ జాతివే.

1821లో ఫారడే సేరా బర్నార్డు అను యువతిని వివాహమాడెను. వారికి సంతానము లేదు. ఆ యేడే, విద్యుత్తు ప్రవహించు తీగ అయస్కాంతము చుట్టు తిరుగునట్లు చేసి చూపెను. నేటి విద్యుత్ మోటారులన్నిటికి అది మొదటిది. ఆ కీర్తితోపాటు అపకీర్తియు వచ్చెను. వొలాస్టన్ అను పెద్దలు అంతకుముందే అట్టి విషయమును ఆలోచించియుండిరి. ఆయన పేరు చెప్పక ఫారడే తొందరపడి ప్రకటించెనను నింద పుట్టెను. ఫారడే చూపిన చలనము వొలాస్టన్ ఊహించినదానికంటె భిన్నమైనది. అయినను ముందుగా ఒక మాట చెప్పియుండవలసినదే. గురువు డేవీ శిష్యుని పక్షమున నిలువలేదు. 1824లో రాయల్ సొసైటీ సభ్యత్వమునకు ఫారడే పేరు వచ్చినప్పుడు, అధ్యక్షుడైన డేవీయే దానికి అడ్డుపడెను. రహస్యముగా గోలీలు వేసిరి. వ్యతిరేకముగా పడిన నల్లగోలీ ఒక్కటే. ఫారడే ఎన్నికయ్యెను. తరువాత అతడు డేవీని గూర్చి ఎన్నడును తూలనాడలేదు. ఒకప్పుడు తనకు చేయిచ్చి లేవనెత్తినవాడని తలచుకొనుచునే యుండెను.

1831లో అయస్కాంతమును తీగచుట్టలో కదలించి విద్యుత్తు పుట్టించుట కనుగొనెను. లోకమునందలి విద్యుదుత్పత్తి కేంద్రములలో పెక్కింటికి అదియే మూలము. రామగిరి కొండలమీద గాలికి తిరుగు మరలు సయితము ఆ సూత్రముచేతనే పనిచేయుచున్నవి. ఇది ప్రతి పాఠ్యపుస్తకమునను ఉన్నది కావున ఇచ్చట విస్తరింపనక్కరలేదు. ఆ దినములలో వర్తకులకు పరీక్షలు చేసిపెట్టి అతడు ఏడాదికి వేయి పౌనులు సంపాదించుచుండెను. పరిశోధనకు కాలము చాలకున్నదని ఆ రాబడిని క్రమముగా వదలుకొనెను. ఇన్‌స్టిట్యూషను ఇచ్చు నూరు పౌనులు, ఇల్లు, బొగ్గులు, క్రొవ్వొత్తులు, వీటితోనే కాలము గడపెను.

ఇట్లు మిగిలిన కాలమున అతడు మరల నీటివద్దకు వచ్చెను. విద్యుత్తు నీటిని విడగొట్టుననుట అందరును ఎఱిగినదే. ఎంత విద్యుత్తునకు ఎంత నీరు? అదియే అతని ప్రశ్న. గాజుగొట్టములలో ప్లాటినపు పలకలు అమర్చి, నీటిలో గంధకామ్లము కలిపి, వెలువడు వాయువును కొలుచు సాధనమును కల్పించెను. పలకలు పెద్దవి పెట్టెను, చిన్నవి పెట్టెను. ఆమ్లమును చిక్కగాను పలుచగాను కలిపెను. పోయిన విద్యుత్తు సమానమైనప్పుడు వచ్చిన వాయువు సమానముగానే యుండెను. ఆ లెక్కలో దాక్షిణ్యము లేదు. నేటి కొలతలలో చెప్పినచో, ఒక గ్రాము ఉదజని కావలెనన్న సుమారు 96,500 కూలుంబుల విద్యుత్తు పోవలెను, తొమ్మిది గ్రాముల నీరు విడిపోవలెను.

ఈ క్రొత్త విషయములకు పాతపేళ్లు చాలలేదు. ఫారడే కేంబ్రిడ్జి పండితుడైన హ్యూవెల్‌ను సంప్రదించెను. ద్రవములోనికి విద్యుత్తు పోవు ద్వారము ఎలక్ట్రోడు. అందు ఆమ్లజని వెలువడునది ఆనోడు, ఉదజని వెలువడునది కాథోడు. విడిపోవు ద్రవము ఎలక్ట్రోలైటు. 1834లో ఈ మాటలు అచ్చుపడెను. గ్రీకుభాష రాని అట్టలు కట్టువాడు అడుగగా గ్రీకు వచ్చినవాడు చెప్పిన ఈ పేళ్లు నేడు మన పాఠశాలలన్నిటిలో పలుకబడుచున్నవి.

ఈ కొలతలు చేయుచుండగా ఒక వింత తటస్థించెను. విద్యుత్తు ఆపివేసిన పిమ్మట గొట్టములో నిలువయున్న వాయువు తనంతట తాను తగ్గిపోవుచుండెను. గొట్టమునకు చిల్లు లేదు. మరియొకడైనచో విసుగుకొని మరియొక గొట్టము తెచ్చుకొనియుండును. ఫారడే తన పని నిలిపి ఆ తగ్గుదల వెంటబడెను. ప్లాటినపు పలకయొక్క శుభ్రమైన ఉపరితలముమీద ఉదజనియు ఆమ్లజనియు మరల కలిసి నీరగుచున్నవని తేలినది. పలకను ఆమ్లముతో కడిగెను, క్షారముతో కాచెను, నిప్పులో ఎఱ్ఱగా కాల్చెను. పరిశుభ్రముగా నున్నంతకాలము దానికి ఆ శక్తి యుండెను. జిడ్డు లేశమంటినను తగ్గెను. లోహపు ముద్ద మారలేదు, బరువు మారలేదు. మారినది పైపొర యొక్కటే. లోహము చేయు పనికి దాని చర్మమే ముఖ్యమను సంగతి ఇట్లు కనబడినది.

ధర్మవరపు నేతగాండ్రకు ఈ మాట వింతగా తోపదు. పట్టుచీర అంచున మెరయు మేలిజరీ పైకి బంగారము; క్రింద వెండితీగ; నడుమ పట్టుదారము. బంగారము చేయవలసిన మెరపును పలుచని పొరయే చేయును. ఆ పొరను వెండిమీద ఎక్కించుటకు నేడు వాడు పద్ధతియు విద్యుద్విశ్లేషణమే. దానికిని ఫారడే లెక్కయే ఆధారము.

1836లో బేజిల్ నగరమునుండి షోన్‌బైన్ అను ఆచార్యుడు ఫారడేకు వ్రాసిన లేఖ ఈ కథను ఇనుమువైపు త్రిప్పెను. పలుచని నత్రికామ్లములో ఇనుపతీగ బుసబుసమని కరగిపోవును. చిక్కని నత్రికామ్లములో కరగదు. అది యొక వింత. అట్లు ఒకసారి ముంచి తీసిన తీగ పిమ్మట పలుచని ఆమ్లమునకును లొంగదు. అది రెండవ వింత. విద్యుత్తు పోనిచ్చినచో ఆ తీగనుండి, ప్లాటినమునుండి వచ్చినట్లే, ఆమ్లజని వెలువడును. ఫారడే వెంటనే ప్రయోగములకు పూనెను. ఇనుముపైన ఆమ్లజనితో కూడిన అతి సూక్ష్మమైన పొర ఏర్పడుననియు, కంటికి కనబడని ఆ పొరయే కవచమగుననియు అభిప్రాయపడెను. పలువురు అంగీకరింపలేదు. కనబడని పొరను నమ్ముటెట్లు? తొంబదియొక్క సంవత్సరముల పిమ్మట, 1927లో, కేంబ్రిడ్జిలో యూలిక్ ఇవాన్స్ అను శాస్త్రజ్ఞుడు ఇనుమును క్రిందనుండి కరగించివేసి ఆ పొరను విడిగా తీసి చూపెను.

ఉక్కు, నీరు అను ఫారడే రెండు వ్యాసంగములును ఒకదానికొకటి ఎంతో దగ్గరగా వచ్చిన క్షణమది. అతడు చూచినది ఆమ్లములో చిన్న తీగ. కర్మాగారముల కాలము అప్పటికి రాలేదు. తరువాతి తరములవారు ఆమ్లమునకు బదులు క్షారము వాడినచో ఇనుమును నికెలును నిలుచునని గ్రహించి, నికెలుపొర ఎక్కించిన ఉక్కు పలకలతో నీటిని విడగొట్టు పెద్ద యంత్రములు కట్టిరి. మన దేశమున పంజాబులోని నంగల్ ఎరువుల కర్మాగారము 1961లో భాక్రా జలవిద్యుత్తుతో నీటినుండి ఉదజని తీసి ఎరువులు చేయ మొదలిడెను.

ఇప్పుడు ఆ పని మరల ముందుకు వచ్చినది. కదిరి వైపున నంబులపూలకుంటలో 2016నుండి సూర్యరశ్మి విద్యుత్తుగా మారుచున్నది. రాత్రి సూర్యుడు లేడు. గాలియు చెప్పినట్లు వినదు. పగటి మిగులు విద్యుత్తుతో నీటిని విడగొట్టి ఉదజనిగా నిలువచేసినచో, బొగ్గు మండింపకయే ఇంధనము దొరకును. చిక్కు ధరలో నున్నది. ఫారడే లెక్క ప్రకారము విద్యుత్తు పరిమాణమును తగ్గింప వీలులేదు. తగ్గింపదగినది దానిని నెట్టు ఒత్తిడి, అనగా వోల్టులు. సిద్ధాంతరీత్యా నీరు విడిపోవుటకు 1.23 వోల్టులు చాలును. ఆచరణలో రెండుకు దగ్గర కావలసి వచ్చును. అందుచే ఒక కిలో ఉదజనికి సుమారు 50 యూనిట్లు ఖర్చగుచున్నది. ఈ అధిక వ్యయములో పెద్దభాగము ఆమ్లజని పుట్టు ఆనోడు ఉపరితలమునందే కలదు. ఇరిడియము వంటి అరుదైన లోహములు ఆ పని చక్కగా చేయును, గాని లోకమంతటికి సరిపడునంత లేవు.

కావున పరిశోధకులు స్టెయిన్‌లెస్ స్టీలువైపు చూచుచున్నారు. అందు ఇనుముతోపాటు క్రోమియమును నికెలును ఉన్నవి. స్టీలు రేకును వేడి క్షారములో నానబెట్టియో, అందే విద్యుత్తు పోనిచ్చియో సంస్కరించినయెడల పైపొరనుండి క్రోమియము చాలవరకు కరగిపోయి, నికెలు, ఇనుముల ఆక్సైడులు మిగులును. వెండ్రుకకంటె ఎంతో పలుచనైన ఆ పొరమీద ఆమ్లజని తక్కువ వోల్టులకే వెలువడును. లోపలి స్టీలు చవుకగా దొరకు మామూలు స్టీలే. అయితే ఆ పొర ఏండ్లతరబడి నిలువవలెను. కరగిపోవు క్రోమియము విషమయమగుటచే దానిని నీటిలో కలియకుండ చూచుకొనవలెను. ఈ రెండు పనులును ఇంకను సాగుచున్నవి.

ఫారడే శరీరము 1839 చివరనుండి చెడసాగెను. తల తిరుగుట, మరపు అతనిని బాధించెను. తాను చేసిన ప్రయోగమునే మరచి మరల చేయవలసిన దినములు వచ్చెను. ప్రతి పరిశీలనకును సంఖ్య వేసి దినచర్యలో వ్రాసికొనుచుండెను. కొంతకాలము స్విట్జర్లండు కొండలలో విశ్రాంతి తీసికొని తిరిగి వచ్చి, 1845లో కాంతికిని అయస్కాంతశక్తికిని సంబంధము కలదని చూపెను. క్రిస్మసు సెలవులలో బాలబాలికలకు ఉపన్యాసములు చేయుట మాత్రము మానలేదు. క్రొవ్వొత్తిని గూర్చి చేసిన ప్రసిద్ధోపన్యాసములలో, మంటనుండి నీరు పుట్టుటయు, ఆ నీటినే విద్యుత్తు మరల రెండు వాయువులుగా చీల్చుటయు పిల్లల కన్నుల ఎదుటనే చూపెను. బిరుదు ఇత్తుమన్నచో వలదనెను. రాయల్ సొసైటీ అధ్యక్షపదవి ఇచ్చినను తీసికొనలేదు. తన చిన్న మతశాఖవారితో కూడి ప్రార్థనకు పోవుట, రోగులను చూచి వచ్చుట, ఇవి అతని వారాంతపు పనులు.

విక్టోరియా రాణి ఇచ్చిన హాంప్టన్ కోర్టు నివాసమున, 1867 ఆగస్టు 25వ తేదీన, తన కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్లే ప్రాణము విడిచెను. రాజులు, కవులు నిద్రించు వెస్ట్‌మినిస్టరు దేవాలయము అతడు కోరలేదు. హైగేటు శ్మశానమున సాదా రాతిక్రింద అతనిని ఖననము చేసిరి.

చాలకాలము పిమ్మట రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఫారడే పేరు వ్రాసియున్న కొయ్యపెట్టె యొకటి బయటపడినది. అందు డెబ్బదితొమ్మిది ఉక్కుముక్కలుండెను. సర్ రాబర్టు హాడ్‌ఫీల్డు అను ఉక్కు నిపుణుడు వాటినుండి చిన్న తునకలు మాత్రము కోసి పరీక్షించి, 1931లో ఒక గ్రంథము ప్రకటించెను. కొన్ని ముక్కలలో ప్లాటినము, కొన్నిటిలో రోడియము, కొన్నిటిలో వెండి, నికెలు కనబడెను. క్రోమియము కలిపినదియు వాటిలో నుండెను.